చెరువు ఒడ్డున ఇల్లు

చెరువు ఒడ్డున ఉన్న ఆ ఇంటి వీధి తలుపును బిల్డర్ మనుషులు ఇనుప రాడ్లతో బాదుతున్నారు. లోపల, బట్టలు కుట్టి బతికే అక్క, ఆమె తమ్ముడు కలిసి బీరువాను తలుపుకు అడ్డం నెట్టారు.

"సంతకం పెట్టేయక్కా, చంపేస్తారు."

"కళ్లు పోయేలా కుట్టి కొనుక్కున్న ఇల్లురా ఇది. చస్తే అమ్మను."

"నిన్న వాళ్లకీ అదే చెప్పాను, వినలేదు."

"నిన్న కలిశావా?"

పెరటి తలుపు కిర్రుమంది.

"ఆ గడియ ఎవరు తీశార్రా?"

"నీ ఒంటిమీద చెయ్యి వెయ్యరని నమ్మానక్కా!"

రాడ్ ఎత్తి లోపలికి దూసుకొచ్చినవాడి భుజంలో ఆమె కత్తెర దించింది. వాడు అరుస్తూ పెరట్లోకి పరుగెత్తాడు.

"గడియ వెయ్యనా అక్కా?"

"నేను వేసుకుంటాను. నువ్వు బయటికి నడు."

"బయట వాళ్లున్నారక్కా!"

"నీ వాళ్లేగా."

తమ్ముడు గడప దాటగానే ఆమె గడియ బిగించింది. బయట తమ్ముడి మొదటి కేక వినబడినా తీయలేదు.