రేడియో మూగబోయిన రోజులు

ఏదీ, ఆ ఫోటో ఇటు చూపించు. ఆ, నేనే అమ్మడూ, ఇంకెవరు. నవ్వకు. జుట్టు ఒక పక్క కత్తిరించి ఒక పక్క వదిలేసినవాడు రేడియో. అసలు పేరు వేరే ఉందిలే, వీధి మొత్తానికీ రేడియోనే. సెలూన్ వాడిది. చేతిలో కత్తెర ఆగినా నోరు ఆగేది కాదు. మెడకు గుడ్డ చుట్టాడంటే ఎవరింట్లో కుళాయి కారుతోందో దగ్గర్నుంచి మొదలెట్టేవాడు. వాడూ నేనూ చిన్నప్పట్నుంచీ ఒరే అంటే ఒరే.

ఆ జబ్బొచ్చి అన్నీ మూసేశారని మీ నాన్న చెప్పే ఉంటాడు. వాడికప్పుడు పన్నెండేళ్ళు, గోడకేసి బంతి కొట్టి కొట్టి మీ నానమ్మ ప్రాణం తోడేశాడు... సరే, ఏం చెబుతున్నా? ఆ, రెండు నెలలయ్యాక కొట్లు తెరుచుకోవచ్చన్నారు. బట్టలవాడు తెరిచాడు, చెప్పులవాడు తెరిచాడు. రేడియో మాత్రం షట్టర్ ఎత్తలేదు. మా జుట్లు చూడాలి, చెవులు కనబడేవి కావు. నేను వాడి కిటికీ కింద నిలబడి, "ఒరే, తియ్యమన్నారుగా, నీకేం నొప్పి?" అని అరిచాను. "తియ్యమన్నవాళ్ళ ఇంట్లో మా అత్తగారు లేదురా" అన్నాడు పైనుంచి.

అత్తగారంటే ఎనభై ఏళ్ళ మనిషి, పైగా ఆయాసం. ఇంత వాగేవాడు పనేం చేస్తాడు, పిల్లనివ్వొద్దు అందట అప్పట్లో. ఇరవై ఏళ్ళు ఒకే ఇంట్లో ఉండి కూడా వాడితో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. ఎదురుగా కూర్చున్నా సరే, "మీ ఆయన్ని ఆ ఫ్యాను తగ్గించమను" అని కూతురికి చెప్పేది. అలాంటావిడ కోసం కొట్టు మూసుకున్నాడు వీడు. పోనీ హాయిగా ఉన్నాడా? పొద్దున్నే కత్తెర్లకి నూనె రాయడం, గోడ గడియారానికి కబుర్లు చెప్పడం. చిక్కి సగమయ్యాడు. చివరికి ఆవిడే కూతుర్ని పిలిచి, "మీ ఆయనతో చెప్పు. ఆయనిలా దిగులుతో మంచాన పడితే నాకు మందులు తెచ్చేదెవరు? నేను వెనకగదిలో ఉంటాను, కంచం గుమ్మం దగ్గర పెట్టండి. కొట్టు తియ్యమను. అక్కడ మాత్రం నోరు తెరవొద్దను" అంది.

తీశాడు. గాలాడుతుందని కుర్చీ తెచ్చి బయట అరుగు మీద వేశాడు. ఇద్దరి మూతికీ గుడ్డ. గోడకి అట్టముక్క, 'మాట్లాడినవారు లేచిపోవలెను' అని. ఎవరితోరా అని అడిగాడు చెప్పులవాడు. రేడియో నవ్వలేదు. నాలుగోరోజు నా వంతు. ఎడంపక్క అయింది. వాడు అంతసేపు ఊరుకుంటే నేను తట్టుకోలేకపోయాను. గుడ్డ కిందికి లాగి, "ఒరే, ఏదో ఒకటి చెప్పరా, గొర్రెకి బొచ్చు కత్తిరించినట్టుంది" అన్నాను. వాడు కత్తెర కింద పెట్టాడు. మెడగుడ్డ విప్పి దులిపాడు. అట్టముక్క చూపించాడు. బతిమాలాను, తిట్టాను, ఊహూ. వీధంతా చూస్తుండగా అలాగే నడిచొచ్చాను. మీ నానమ్మ నవ్వలేక చస్తూ తీసింది, అందుకే అంత మసక.

మర్నాడు పొద్దున్నే కుర్చీ మోసుకుని మా గుమ్మం ముందుకొచ్చి రెండోపక్క చేశాడు. పని చేస్తున్నంతసేపూ మాట లేదు. అయిపోయాక దూరంగా వెళ్ళి నిలబడి, "రాత్రి ముసలావిడ రెండుసార్లు దగ్గిందిరా. మళ్ళీ దగ్గుతుందేమోనని తెల్లారేదాకా కూర్చున్నాను" అన్నాడు. సిగ్గేసింది నాకు. ఆ తర్వాత ఏడాదిన్నర పాటు ఆ కుర్చీలో నేను కిక్కురుమనలేదు.

ఆవిడకేం కాలేదులే. సూదులు వేయడం అయ్యి, ఇక గుడ్డలక్కర్లేదన్న రోజు కొట్టు నిండా జనం. ఏడాదిన్నర సరుకు ఒక్కపూటలో దించుతున్నాడు రేడియో. ఇంతలో ఆవిడ కర్ర పట్టుకుని మెట్లు దిగొచ్చి, ఖాళీ అయిన కుర్చీలో కూర్చుంది. అద్దంలో వాణ్ణే చూస్తూ, "బాబూ, చివర్లు కాస్త కత్తిరించు. ఏదో చెబుతున్నావుగా, కానీ, వింటాను" అంది. వాడు దువ్వెన తీశాడు. పెట్టాడు. మళ్ళీ తీశాడు. మేం పదిమందిమీ వాడి నోటివంకే చూస్తున్నాం. ఒక్క ముక్క వస్తే ఒట్టు.

పోయి పద్దెనిమిదేళ్ళేమో వాడు...

అమ్మడూ, పొయ్యి మీద పాలు పెట్టి వచ్చావా నువ్వు?