మీ తమ్ముడి బట్టల్లో మాత్రం వద్దు

ఆ బుట్ట అక్కడే కింద పెట్టు. బీరువా దగ్గరికి రాకు. చెప్తున్నది నీకే ఒనరీన్ వదినా, గోడకి కాదు.

తెలుసులే, లావెండర్ కోతలైపోయాయి. ఊళ్లో ఆడవాళ్లందరూ పాత గుడ్డసంచుల్లో పొట్టు దులిపేసి, కొత్త పువ్వు నింపి, బట్టలకి పురుగు పట్టకుండా సొరుగుల్లో సర్దేసుకున్నారు. ఒక్క ఈ లియోనీ ఇంట్లోనే ఇంకా సర్దలేదని చర్చి బయట చెవులు కొరుక్కుంటున్నారట కదా? కొరుక్కోనీ. నా దుప్పట్ల మధ్య పెట్టుకో, నా తలగడలో కుక్కుకో. మీ తమ్ముడి బట్టల్లో మాత్రం పెట్టనివ్వను.

ఏంటలా చూస్తావు? నాకేం మతి పోలేదు.

పోయినేడు ఏమైంది? ఆయన మీద కప్పిన మట్టి ఇంకా ఆరనేలేదు. నాకు ఓపిక లేదని నువ్వూ, పక్కింటి సెలెస్తీనూ వచ్చి బీరువా అంతా సర్దిపెట్టారు. ప్రతి చొక్కా మడతలోనూ ఒక సంచి. మంచికే చేశారు, కాదనను. నేను కాఫీ కూడా కాచిచ్చాను.

మర్నాడు తలుపు తీసి ఒక చొక్కాలో మొహం పెట్టుకున్నాను. లావెండర్. ఒట్టి లావెండర్. మేకల వాసన ఏది? ఆ పొగాకు ఏది? బతికున్నన్నాళ్లూ, ముందా మేకల కంపు వదిలించుకుని రావయ్యా అని గుమ్మంలోనే నిలబెట్టేదాన్ని. ఎంత శుభ్రంగా వదిలిపోయిందో చూడు.

అప్పుడు గుర్తొచ్చింది, మేకల పాకలో మేకుకి వేలాడుతున్న ఉన్ని కోటు. అదొక్కటే మీ కంట పడలేదు. చొక్కాలన్నీ చర్చివాళ్లకి ఇచ్చేసి, దాన్ని తెచ్చి ఇందులో తగిలించాను.

పురుగా? ఆఁ, పట్టింది. మోచేతి దగ్గర చిల్లి పెట్టింది, భుజం మీద కూడా మొదలెట్టింది. తిననీ వదినా. పురుగు కోటునే తింటుంది, వాసన జోలికి పోదు.

అయ్యో, ఏడవకు. నీకూ తమ్ముడే కదా, నాకు తెలీదా? రా, ఇలా రా. నువ్వూ ఒకసారి మొహం పెట్టి చూడు.

ఏం లేదు కదూ? ఒట్టి ఉన్ని. నాకు తెలుసు. ఆ వాసన చలికాలంలోనే పోయింది. రోజూ తీసి మొహానికి అదుముకుని, నేనే అరగదీసేశానేమో.

అయినా సరే. నీ బుట్ట తీసుకుని ఇంటికెళ్లు.