మెట్ల మీద కాపలా

(అయొవాలో ఒక చిన్న ఊరు. మార్చి నెల, శనివారం మధ్యాహ్నం. నోరీన్ నేలకింది గదిలో ఉతికిన బట్టలు మడతపెడుతోంది. ఆమె భర్త లోవెల్ మెట్ల మీద నిలబడ్డాడు.)

“అది ఉతకలేదని చెప్పు, నోరీన్.”

“ఏది?”

“ఏదా? నా ఆకుపచ్చ చొక్కా. కుర్చీ వీపుకి వేసి ఉంచాను. ఉతకలేదని చెప్పు.”

“ఉతకలేదు.”

“హమ్మయ్య.”

“ఒక్కసారి కాదు, రెండుసార్లు ఉతికాను. మొదటిసారి వచ్చిన నీళ్ళు చూసి మిషనే జడుసుకుంది.”

“చంపావు. గురువారం బాస్కెట్‌బాల్లో మన కాలేజీ కుర్రాళ్ళు గెలిచింది ఆ చొక్కా వల్లే. గెలుస్తున్నంత కాలం ఉతక్కూడదు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, ఇది కూడా తెలీదా నీకు?”

“వాళ్ళు గెలిచింది బంతి బుట్టలో పడింది కాబట్టి. నీ చంకల కంపు టీవీలోంచి అంత దూరం వెళ్ళదు.”

“నవ్వు, నవ్వు. ఎన్నేళ్ళకి ఈ మార్చి పోటీల్లో రెండో రౌండు దాకా వచ్చారు వాళ్ళు.”

“రానీ. ఊరికే నిలబడే బదులు కిందికి దిగి ఈ దుప్పటి అంచు పట్టుకో. గ్రెటా ఆట మూడున్నరకి. నువ్వింకా గడ్డం కూడా గీసుకోలేదు.”

“గెలుస్తున్నంత కాలం గడ్డం గీయకూడదు.”

“అదొకటా?”

“అది ఎప్పట్నించో ఉంది.”

“గట్టిగా పట్టుకో, జారిపోతోంది. నా నీలం కోటు ఇస్త్రీ చేసి పెట్టుకున్నాను. ముసలాళ్ళ హోములో ఇవాళ్టి డ్యూటీ మార్చమంటే ఎంత బతిమాలించుకున్నారో. ఈస్టరు పూట నేనే చేస్తానంటే గానీ ఒప్పుకోలేదు.”

“ఈస్టరు పూటా? ఎందుకు ఒప్పుకున్నావు?”

“ఎందుకా? కన్నకూతురు నాలుగేళ్ళు బెంచీ మీద కూర్చుంది. ఆడొచ్చిన వాళ్ళకి తువ్వాళ్ళందించింది, మంచినీళ్ళందించింది. ఇవాళ ఆ పొడుగుపిల్లకి మడమ బెణికిందని మొదటి ఐదుగురిలో దీన్ని దించుతున్నారు. ఓడితే ఇంటికే. చదువూ అయిపోవచ్చింది, మళ్ళీ ఆడేది లేదు. ఎందుకంటాడు చూడు.”

“టీవీలో వేస్తారుగా.”

“ఏ టీవీలో? మన టీవీలో నీ కుర్రాళ్ళుంటారు.”

“మార్చి మార్చి చూద్దాం.”

“మార్చావులే. గ్రెటా పుట్టిన రోజు ఆసుపత్రిలోనే మార్చలేదు నువ్వు. నర్సుని పక్కకి జరగమన్నావు.”

“అప్పుడు ఫ్రీ త్రోలు వేస్తున్నారు.”

“అప్పుడు నాకు నొప్పులొస్తున్నాయి.”

“సరే, సరే. అది కాదు నేననేది. రోడ్డు మీద మంచుంది.”

“నిన్ననే కరిగిపోయింది.”

“ముందు టైర్లో గాలి తగ్గింది.”

“పొద్దున కొట్టించాను.”

“కారు పెట్టుకోడానికి చోటుండదు. జనం విరగబడతారు.”

“ఆడపిల్లల ఆటకి ఎవరొస్తారే, వాళ్ళ అమ్మానాన్నలు తప్ప, అన్నావు మొన్న. ఇంతలోనే విరగబడుతున్నారా?”

“వాళ్ళు బాగా ఆడుతున్నారు ఈసారి.”

“నాలుగేళ్ళుగా బాగానే ఆడుతున్నారు. నీ కుర్రాళ్ళకంటే బాగా ఆడుతున్నారు. నువ్వు చూస్తేగా. మీ ఆఫీసులో చార్టు నింపావు కదా, ఎవరు గెలుస్తారు, ఎవరు ఓడతారు అని?”

“అందరూ నింపుతారు.”

“ఆఖరి గడిలో ఎప్పట్లాగే నీ కుర్రాళ్ళ పేరే రాసుంటావు.”

“రాయకపోతే ద్రోహం కాదూ?”

“ఆడపిల్లల చార్టు నింపావా?”

“అది మా ఆఫీసులో ఎవరూ ఆడరు.”

“మన పిల్ల ఆడుతోంది.”

“ఆ దిండుగలీబు ఇలా ఇవ్వు, నేను మడతపెడతాను.”

“మాట తప్పించకు. నీకు దిండుగలీబు మడతపెట్టడం ఎప్పుడొచ్చింది? నేనొస్తే ఓడిపోతారని నీ భయం. అదేగా? నోరు తెరిచి చెప్పు. మీ తమ్ముడు హార్లన్ అంటూనే ఉంటాడుగా, వదిన ఐరన్ లెగ్గని.”

“హార్లన్ మాటలకేంలే.”

“మొదట అన్నది నువ్వు. వాడు పాట అందుకున్నాడంతే.”

“ఆ రోజు నువ్వు చూళ్ళేదు, నోరీన్. తొమ్మిది పాయింట్లు ముందున్నారు. ఒక్క నిమిషం ఆట మిగిలుంది. నువ్వు గుమ్మంలోకి రావడం, ఆ బక్కోడు బంతి వదిలేయడం…”

“నా చేతిలో సూపు గిన్నె ఉంది. బంతి లేదు.”

“తర్వాతి ఏడు నిన్ను కిందకి పంపితే గెలిచారా లేదా?”

“గెలిచారు. ఇంక అంతే, ప్రతి మార్చిలోనూ నాకు ఇదే ఇల్లు. ఈ మిషను, ఈ స్టూలు. ఊళ్ళో ఎవరింట్లోనూ మార్చి నెలలో బట్టలు ఇంత తెల్లగా ఉండవు.”

“సరదాకే కదా. నువ్వూ నవ్వేదానివి.”

“నవ్వేదాన్ని. మీరంతా నవ్వుతుంటే నేనొక్కదాన్నీ మొహం ముడుచుకుంటే ఏం బావుంటుంది? గ్రెటాని మెట్ల మీద కాపలా పెట్టేవాడివి, గుర్తుందా? ఇదిగో, నువ్విందాక నిలబడ్డ మెట్టే. ఆరేళ్ళ పిల్ల.”

“దానికి ఆటగా ఉండేది.”

“‘అమ్మా, ఇంకా రెండు నిమిషాలుంది, పైకి రాకు’ అనేది. ఎంత పెద్దరికంగా అనేదో. మధ్యమధ్యలో స్కోరు చెప్పేది. చేతిలో బిస్కెట్టుంటే సగం తుంచి ఇచ్చేది. ఈ ఆట నాకు దాని నోటివెంటే తెలుసు. కళ్ళతో చూసింది తక్కువ.”

“మొన్న చూశావుగా. గ్రెటా వాళ్ళవి రెండాటలకి వెళ్ళావు.”

“వెళ్ళాను. ఈ ఏడు సొంత కోర్టులో వాళ్ళు ఓడింది ఆ రెండే. నాకు సెలవు దొరికిందీ ఆ రెండిటికే. హార్లన్ ఫోను చేసి మరీ పళ్ళికిలించాడు. ఒకటి మాత్రం వింతగా అనిపించింది. నువ్వు నవ్వలేదు.”

“నవ్వడానికేముంది అందులో.”

“పదిహేనేళ్ళుగా నవ్వినవాడివి, ఇప్పుడేమొచ్చింది?”

“నోరీన్, నా మాట విను. ఇవాళ ఇద్దరం ఇంట్లోనే ఉందాం.”

“ఏమన్నావు?”

“ఇద్దరం. నువ్వు కింద కాదు, పైన కూర్చో. సోఫాలో, నా పక్కన. గ్రెటా ఆటే పెడదాం. కుర్రాళ్ళది పెట్టను.”

“జ్వరమొచ్చిందా?”

“ఒట్టు. హార్లన్‌ని కూడా రావద్దని చెప్పాను.”

“నీ కుర్రాళ్ళ ఆట వదిలేసుకుంటావా?”

“వదిలేసుకుంటాను.”

“నీకు అచ్చొచ్చిన ఆ కుర్చీలోంచి లేస్తావా?”

“లేస్తానంటున్నాగా.”

“అంత త్యాగం చేసేవాడివి, కారెక్కడానికి ఏమైంది? అరగంట దారి.”

“ఏమీ కాలేదు. ఊరికే. ఇంట్లో అయితే నింపాదిగా చూడొచ్చని.”

“నువ్వా? నింపాదిగానా? ఇటు చూడు. మొహం ఇటు తిప్పు, లోవెల్. ఏదో దాస్తున్నావు.”

“దాచడానికేముంది నా దగ్గర.”

“సరే, దాచుకో. నేను వెళ్తున్నాను. నువ్వొస్తే రా, లేకపోతే నీ కుర్చీని కౌగిలించుకో. గేటు దగ్గర నా పేరు చెబితే లోపలికి పంపిస్తారు.”

“నీ పేరు ఉండదు.”

“ఎందుకుండదు? ఆడేవాళ్ళు వాళ్ళింటివాళ్ళ పేర్లు ముందే ఇచ్చుకుంటారు. గ్రెటా ఎప్పుడూ మనిద్దరివీ ఇస్తుంది.”

“ఇవాళ నాదొక్కటే ఇచ్చింది.”

“ఎందుకు?”

“ఆ దుప్పటి వదులు, నలిగిపోతోంది.”

“ఎందుకు, లోవెల్?”

“నిన్న ఫోను చేసింది. ఏడుస్తోంది. తిడితే నన్ను తిట్టు, దాన్నేమీ అనకు. ‘నాన్నా, నువ్వు రా, ముందు వరసలో కూర్చో. అమ్మని మాత్రం తీసుకురాకు’ అంది. ‘ఈ ఒక్కసారికి. ఏదో ఒకటి చెప్పి ఆపు, నేనన్నానని తెలీకూడదు’ అంది. అందుకే నేనే వెధవనైతే సరిపోతుందనుకున్నాను. అది నాకలవాటేగా.”

“తను అలా అందా?”

“అంది.”

“అమ్మ అనే అందా?”

“ఇంకెలా అంటుంది? నోరీన్, చూడు, మనిద్దరం వెళ్దాం. టికెట్టు కొనుక్కుందాం. నువ్వు అన్నిటికంటే వెనక్కి, పై వరసలో కూర్చో. దానికి కనబడవు.”

“కనబడకపోతే వెతుక్కుంటుంది. ఎక్కడో ఉన్నానేమోనని జనంలోకి చూస్తుంది, బంతి చూడదు.”

“అదంతా ఉత్తదని నీకు తెలుసు.”

“నాకు తెలుసు. నీకూ తెలుసు. దానికెప్పుడైనా చెప్పావా?”

“చెబుతాను. ఇవాళే చెబుతాను.”

“ఇవాళ చెప్పకు. ఇవాళ ఆడనీ.”

“మరి నువ్వు?”

“వేళవుతోంది, కదులు. దారిలో ఎక్కడా ఆగకు. గడ్డం గీసుకో, పిల్లకి మనిషిలా కనబడు. అమ్మ ఏదీ అని అడిగితే డ్యూటీ కుదర్లేదని చెప్పు. నాకేమీ తెలీదు. విన్నావా? నువ్వు నాకేమీ చెప్పలేదు.”

“పైకి రా, నోరీన్. ఇల్లంతా ఖాళీయేగా. నీ ఇష్టమొచ్చిన చోట కూర్చుని టీవీలో చూడు.”

“వద్దు. టీవీ ఆపేసి వెళ్ళు.”

“నీకేమైనా పిచ్చా? నువ్వు టీవీలో చూస్తే అక్కడ బంతికెలా తెలుస్తుంది?”

“ఎవరంటున్నారు ఈ మాట? నువ్వు? ఆ స్టూలు ఇటు జరిపి వెళ్ళు. ఇదిగో, నీ చొక్కా. ఇంకా వెచ్చగానే ఉంది. తీసుకో. తీసుకోవా? సరే, ఇక్కడే ఉంటుంది. లోవెల్, తాళాలు తీసుకున్నావా? తలుపు తీసిన చప్పుడు వినబడుతూనే ఉంది. రిమోటు కూడా జేబులో వేసుకుపో. ఆఖరి రెండు నిమిషాల్లో నన్ను పైకి రాకుండా ఆపడానికి ఇవాళ మెట్ల మీద ఎవరూ లేరు.”