గోధుమరంగు చుక్కలు

మళ్ళీ ఆ పిల్ల పేరేనా తవిటయ్య మావయ్యా? పొద్దున్నుంచి ల్యాబంతా మనస్వి, మనస్వి. గాజుసామాను కడిగే నీకు కూడా అదే పాటా?

ఇలా కూర్చో. గిన్నెలు తర్వాత కడుగుదువులే.

మనిషి తాగితే కళ్ళు పోయే మిథనాల్‌ని ఈ బాక్టీరియాకి తాగడం నేర్పిందెవరు? నేను. రెండేళ్ళు, ఆదివారాలతో సహా, గోల్‌మురి నుంచి సైకిలు తొక్కుకుంటూ వచ్చి. నీలకంఠం సారేమో దాన్ని తీసుకెళ్ళి ఆ మనస్వి చేతిలో పెట్టారు. ఆవిడ రెండు జన్యువులు మార్చింది. బస్, తాగిందంతా అది గ్లైకోజెన్‌గా దాచుకుంటోందట. అదే, మన కాలేయంలో ఉండే పిండిలాంటిది. ‘శాబాష్ బేటీ’ అన్నారు సారు. నన్నెప్పుడైనా అన్నారా?

దున్నేవాడిదే భూమి అని కాలేజీ గోడల మీద రాసినవాణ్ణి. మరి తాగడం నేర్పినవాడిదే బాక్టీరియా కాదేటి?

నవ్వకు. ఫర్నేసు పొగలోంచి మిథనాల్, మిథనాల్లోంచి తిండి, రేపు పొగగొట్టాలే పొలాలు అని ఇక్కడ మొదట అన్నది నేను. ఆవిడ సిద్ధగోరాలో కారెక్కి, ఇక్కడ దిగి, ఆ మాటే పోస్టరు మీద వేసుకుంది.

నిన్న ఆవిడ భోజనానికెళ్ళినప్పుడు, ఆ బాక్టీరియా చుక్కలు చుక్కలుగా పెరిగిన పళ్ళెం తీశాను. ఉన్నది ఒక్కటే. ఫ్రీజర్లో ఇంకా వేరే నమూనా దాచలేదు. అయోడిన్ ఆవిరి పట్టిస్తే, పిండి ఉన్న చుక్క గోధుమరంగు తిరుగుతుంది, లేనిది పసుపుగా ఉండిపోతుంది. పసుపే వస్తుంది, అందరికీ చూపిద్దాం అనుకున్నా. అబద్ధాన్ని బయటపెట్టడం తప్పా?

రెండు నిమిషాల్లో అన్నీ గోధుమరంగు తిరిగాయి మావయ్యా. ఎంత బాగున్నాయో.

అవును, ఆవిరి తగిలితే చస్తాయి. అందుకే ముందు మఖమల్ గుడ్డ అద్ది వేరే పళ్ళెంలోకి నకలు తీసుకోవాలి. ఆ పని నాకు నేర్పింది నువ్వే కదా.

మర్చిపోయానని చెప్పాను. సారు నమ్మారు. ఆరునెలల పని పోయిన మనస్వి కూడా నమ్మింది. ‘కోయీ బాత్ నహీ కిషోర్, ఫర్వాలేదు, మళ్ళీ చేద్దాం’ అంది. అలా అంటే ఇంకా మండదా?

నువ్వొక్కడివే ఎందుకు నమ్మవు? ఆ గుడ్డ నా ముందు పెట్టి ఏటి చూస్తావు?

నువ్వు ఉతికి, ఇస్త్రీ చేసి, నిన్న నా చేతికిచ్చిందే. మడత విప్పలేదు.

మర్చిపోలేదు మావయ్యా. కావాలనే తీయలేదు. పసుపే వస్తుందని నిజంగా నమ్మితే నకలు తీయడానికి నాకు భయమేటి? గోధుమే వస్తుందని తెలుసు.