దొన్నె చప్పట్లు

ఫిజీలో ఒక పల్లె చర్చి. ఆదివారం పాటను పాటల పెద్ద ముందుగా ఒక్క పిల్లకే వినిపిస్తున్నాడు. ఆ చిన్నారి, వసీతి, తల్లి ఒళ్ళో ముడుచుకుని ఉంది.

“ఆపు బాబాయ్, మళ్ళీ చెవులు మూసుకుంది.”

“గొంతు తగ్గించాను కదే! వయసులో ఈ గొంతుకి సొరచేపలు దారి మళ్ళేవి.”

“నీ గొంతుకి ఊగుతూనే ఉంది. చప్పట్లు పడగానే బెదిరిపోయింది.”

“చప్పట్లు లేకపోతే పాట కుంటుతుందే.”

“అయితే ఈ ఆదివారమూ మేమిద్దరం బయట మామిడిచెట్టు కిందే. ఒక్కసారైనా అందరితో లోపల కూర్చుంటుందనుకున్నాను.”

“ఉండవే. ఊరి సభల్లో యంగోనా పానీయం గిన్నె అందుకునేటప్పుడు ఎలా చరుస్తాం? అరచేతులు దొన్నెలా వంచి కదూ?”

బొప్... బొప్... చప్పుడు మెత్తగా, లోతుగా వచ్చింది. తల్లి వంగి వసీతి వైపు చూసింది.

“బాబాయ్, చేతులు దించింది!”

“నేను చరుస్తుంటాను, నువ్వు పాట అందుకో.”

“చర్చిలో యంగోనా చప్పట్లంటే పాస్టరుగారు ఊరుకుంటారా?”

“గిన్నె ముందు అందరికన్నా ముందు చరిచేది ఆయనే!”

“బాబాయ్, ఇటు చూడు. ఇదీ చేతులు వంచి చరుస్తోంది.”

“చూశాను. తాళం తప్పుతోంది. ఆదివారంలోగా నేర్పు. ముందు వరసలో కూర్చునేవాళ్ళు తాళం తప్పితే నేనొప్పుకోను.”