సాక్షికి పాసుబుక్కెందుకు

హలో… ఆ, నేనేరా ఏసుబాబు. మైసవ్వను. పెట్టెయ్యకు…

ఇది మా సౌమ్య ఫోను. నా మనుమరాలిది. నా నంబరైతే నువ్వు ఎత్తవు గదా. నెల దినాల సంది చేస్తున్న. మోగి మోగి అదే ఊకుంటది…

ఏడున్నవ్… మిర్యాలగూడల, ఇంట్లనే… జరమా. గొంతు మంచిగనే ఉంది గదరా… సరే, పండుకొనే ఇను.

నిన్న మా రామలింగయ్య వకీలు కోదాడకు రమ్మంటే పోయిన. నువ్వు కోర్టుల ఏసిన కాగితం సదివి ఇనిపిచ్చిండు… ఏ కాగితమా. నీ కాగితమే. "కారు నా దగ్గర లేదు, ఉగాదికే మైసమ్మకు అప్పజెప్పిన, ఆమెనే కిరాయిలకు తిప్పుకుంటుంది, ఇగ ఫైనాన్సు బాకీ ఆమెదే" అని రాయిచ్చినవట…

ముందుగాల నవ్విన కొడుకా. డెబ్బై మూడేండ్ల ముసల్దాన్ని, ముందు సీట్ల కూసుంటెనే కండ్లు తిరుగుతయ్. నేను కిరాయిలు తిప్పుతున్ననట. సూర్యాపేట బస్టాండుల నిలవడి "ఎక్కుండ్రి, ఎక్కుండ్రి" అని పిలుస్తున్న గావొచ్చు… నువ్వు నవ్వకు. నాకు ఆ తర్వాత నవ్వు రాలే.

…మీ వకీలు రాసిండా. కింద సంతకం నీది గాదా మరి…

ఓహో, సదవకుండ పెట్టినవా. నాకైతే సదువు రాదు. నీకేమొచ్చింది రోగం.

ఆగు, నన్ను చెప్పనియ్యి. ఆ దినం శుక్రారం. ముసురు పడుతుంది. పచ్చగీతల అంగీ ఏసుకొని చిలుకూరుకొచ్చినవ్. "మైసవ్వా, కారు కొంటున్న, సాక్షికి పెద్దమనిషి కావాలె, మడి పాసుబుక్కు గూడ సంచిల ఏసుకో" అన్నవ్. వచ్చిన. ఎందుకు రాను. మీ నాయిన దేవసహాయం అన్నదమ్ములు పాళ్లు పంచుకున్ననాడు సాక్షిని నేనే. నీ పెండ్లి మాటకు సాక్షిని నేనే. నలభై ఏండ్లల నేను ఏలు పెట్టిన ఏ కాగితమైనా సరే, ఆనాడు ఎవరు ఏమన్నరో ఇయ్యాల లేపి అడిగినా చెప్త. గందుకే పిలుస్తరు నన్ను, నా మొఖం సూసి గాదు…

సూర్యాపేట ఫైనాన్సు ఆఫీసుల ఆ కండ్లద్దాలాయన పాసుబుక్కు ఇయ్యమంటే నీ దిక్కు సూసిన. "సాక్షికి పాసుబుక్కెందుకురా" అన్న. అన్ననా లేదా…

"ఆధార్ లెక్కనే అవ్వా, ఊకెనే అడుగుతరు" అన్నవ్. నాలుగు తాన్ల ఏలు ఏయించినవ్. సాక్షికి ఒక్క తాన్నే గదా అనుకున్న, అడగలే. నా తప్పు గదొక్కటే.

జమానతట అది. నువ్వు కట్టకుంటే నేను కట్టాలెనట. ఇప్పుడు నోటీసుల నా ఎకరంనర మడి రాసిండ్రు. మా ఆయన పోయినంక నాకు ఇంత బువ్వ పెడుతున్నది అదొక్కటే. దాన్ని వేలమేస్తే నేను ఏడికి పోవాలె… చెప్పు. ఊకె అడుగుతలేను, చెప్పు.

…నీ కష్టం నాకెరుకే. నీ పెండ్లాం గ్రేస్‌కు ఆపరేషనైతే దవాఖానల ఆమె కాడ పదకొండు దినాలు ఉన్నది నేనే గదా. కష్టముంటే కష్టమను. కసిరిననా ఎన్నడన్న. బండి నాకిచ్చిన అనుడేందిరా.

ఆగు. ఆ టింగు టింగు ఏంది…

టీవీనా. జరమొచ్చి పండుకున్నోనికి టీవీ. టీవీ గట్ల ఒక్క తీరుగ మోగుతదా. అది కారుల బెల్టు పెట్టుకోకుంటే మోగే మోత. గ్రేస్ ఆపరేషన్‌కు నన్ను తోల్కపోయిననాడు తొవ్వంత గట్లనే మోగింది. ఇదేం పిట్టరా అని అడిగితే నువ్వే చెప్పినవ్.

…దోస్తు కారా. దోస్తు కారుల ఎటు పోతున్నవ్… నిడమనూరుకా. జరంతోని.

సరే, ఎవని బండైతేంది. ఇంకో ముచ్చట ఇను. మా వకీలేమన్నడు ఎరుకేనా. "అవ్వా, ఆ ఏలిముద్ర నాది గాదని చెప్పు, కేసు ఇంకో రెండేండ్లు నడుస్తది" అన్నడు. అననన్న… ఎందుకేంది, నాదే గాబట్టి. ఇన్నేండ్లు ఉన్నదున్నట్టు చెప్పి, ఇప్పుడు ఎకరంనర కోసం నా ఏలు నాది గాదంటనా. రేపు ఊర్లె నన్నెవరు పిలుస్తరు సాక్షికి. నువ్వట్ల, ఆయన గిట్ల. ఇద్దరు గలిసి నా నోటితోని అబద్ధం ఆడిపియ్యాలనే సూస్తున్నరు…

ఏంది, గుంతల పడ్డదా బండి…

ఉండు. మాట్లాడకు.

…

మళ్ల మోగింది. టక్కు టక్కు.

అది నా మేక గంట గదరా.

…కాదనకు. గంట లోపలి నాలుక ఇరిగితే తండా కిష్ట్యా ఇనుప మొల ఏలాడదీసిచ్చిండు. గంట లెక్క మోగదు, టక్కు టక్కుమంటది. చుట్టు పది ఊర్లల్ల గసొంటిది ఇంకోటి లేదు. పాస్టరయ్య వచ్చి బండికి ప్రార్థన చేసినంక, "మైసవ్వా, నీ చేతులతోని నువ్వూ ఏదన్న కట్టు" అన్నవ్. మేక మెడకున్నది ఇప్పి నీ కారు అద్దానికి కట్టిన…

ఏసుబాబు…



బండి లేదని కోర్టుకు చెప్పి, ఆ గంట మోగిచ్చుకుంటనే తిరుగుతున్నవా కొడుకా. ఇప్పి పారేస్తే ఐపోతుండె గదా. ఎందుకు ఇప్పలే…

…

చెయ్యి రాలేదా.

ఊకో. ముందు బండి పక్కకు ఆపు. ఏడ్సుకుంట నడుపకు… ఆపినవా. ఆ.

సోమారం వాయిదా. కోదాడ కోర్టు, పొద్దుగాల పదింటికి. బండి తోల్కొచ్చి గేటు ముందల పెట్టు. ఫైనాన్సోళ్లు దాన్ని అమ్ముకుంటే బాకీ శానమటుకు దిగుతదట, మిగిలినదానికి నీకు కిస్తులిస్తరట. రామలింగయ్యనే అడిగి వచ్చిన. నా మడి జోలికి రారు… తెలుసు. బండి పోతే నీ బువ్వ పోతదని తెలుసు. మడి పోతే నాదీ గంతే గదా. బండి కొన్నది నువ్వు బిడ్డా, నేను గాదు.

…తేకపోతేనా. తేకపోతే నేను బోనెక్కుత. సాక్షి అనే గదా తీస్కపోయినవ్ నన్ను. సాక్షినే అయిత. ఏ దినం, ఏ యాళ్ల, ఏం మోగిందో ఇన్నది ఇన్నట్టు చెప్త. ఒక్క మాట కలుపను, ఒక్క మాట దాయను… నీ మీద కోపానికి గాదురా. నాకు ఇంకో తీరు రాదు.





బండి మళ్ల కదిలిచ్చినవా. టింగు టింగుమంటనే ఉంది. ముందు ఆ బెల్టు పెట్టుకో… పెట్టుకోరా, ఇంట్ల పిల్లలున్నరు…

ఆ. ఆగింది.

ఈ మాటన్న ఇన్నవ్. సోమారం మాట గూడ ఇను. ఇగ పెడుతున్న…

సౌమ్యా, ఇగో బిడ్డా నీ ఫోను.