ఓరుగల్లు పౌరులు ఇచ్చిన పతకం

1979. టంకశాలలో ఆఫీసరుగా రిటైరైన కిషన్ రావుకు హన్మకొండలో సన్మానం చేసి, ఆయన బొమ్మ ఉన్న కంచు పతకం మెడలో వేశారు. మర్నాడు పొద్దున ఆయన, భార్య కళావతి ఇంటి వరండాలో ఉన్నారు.

“మళ్ల మోగిస్తాన్రా ఆ పతకాన్ని? చాయ్ సల్లారిపోతాంది.”

“కళావతీ, ఇది మామూలు కంచు కాదు.”

“చాయ్ తాగుండ్రి.”

“ఇను. ఇనవడ్డదా? ఇది ఇరవై పైసల బిళ్ల మోత. ఆ పచ్చటి బిళ్లలు మా టంకశాలల నా చేతుల మీదికెల్లే పోయినయి. వాటిని కరగవెట్టి నా బొమ్మ పోసిండు ఆ వెంకట్రాజం.”

“ఇత్తడి గిన్నెలు చేసుకునేటాయన. ఆయనకేం తెలుస్తది?”

“తెల్వకేంది? సర్కారు నాణెం కరగవెడ్తె జైలు. చిల్లర లేక జనం బస్సుల్ల కొట్లాడుకుంటాంటె, ఈళ్లు దాసుకొని కరగవెడ్తాన్రు. అసుంటోళ్లను పట్టిచ్చుడే నా నౌకరి. తెచ్చి నా మెడలనే ఏసిన్రు.”

“పోనియ్యుండ్రి. ప్రేమతోని చేసిన్రు.”

“ఎవరు?”

“ఎవరంటే... ఓరుగల్లు పౌరులు. ఎనుక రాసున్నది గద.”

“ఏ పౌరుడు? బిళ్లలు ఎవరిచ్చిన్రో వెంకట్రాజాన్ని అడుగుత. చెప్పకపోతె పోలీస్ స్టేషన్‌కు పోత.”

“ఆయన జోలికి పోకుండ్రి. ఆయన వద్దనే అన్నడు.”

“ఏం వద్దన్నడు?”

“బిళ్లలు కరగవెట్టనని అన్నడు. నేనే బతిలాడిన.”

“నువ్వా?”

“చాయ్...”

“చాయ్ పక్కకు వెట్టు. నీకు బిళ్లలు యాడియి?”

“మీరు తెచ్చినయే. కొత్త బిళ్లలు తెచ్చి, ఇవి మేం చేసినయి అని సూపెట్టేటోళ్లు. ఖర్చు వెట్టబుద్ధి కాకపోయేది. పప్పు డబ్బల ఏసి పెట్టిన.”

“నేనేమో దాసుకున్నరని సేట్లను తిట్టుకుంట తిరిగితి.”

“మరి రిటైరైన నాడు ఆఫీసోళ్లు ఒక దండన్న ఏసిన్రా? దినాం అదే యాది చేసుకుంట మీరు అన్నం సరిగ తినకపోతిరి.”

“అంటే... పౌరులు?”

“లేరు.”

“సన్మాన కమిటీ?”

“మా తమ్ముడు, కాజీపేటల వాని రైల్వే దోస్తులు. ఉప్మా వెడ్తనంటె వచ్చిన్రు.”

“మరి సన్మానపత్రం సదువుకుంట ఒకాయన కండ్లనీళ్లు వెట్టుకున్నడు గద?”

“మల్లికార్జున్. నాటకాలేస్తడు.”

“నాటకాలా.”

“నన్ను ఎన్నన్న అనుండ్రి. స్టేషన్‌కు పోతె నేను గూడ వస్త. వెంకట్రాజాన్నైతె ఇడిసిపెట్టుండ్రి.”

“ఇంక ఉన్నయా?”

“ఏంటియి?”

“బిళ్లలు.”

“సగం ఉన్నయి. ఇయ్యాల్నే బ్యాంకుల ఇచ్చొస్త.”

“ఆగు. వెంకట్రాజాన్ని ఒకసారి ఇంటికి రమ్మను. నా బొమ్మకు ముక్కు జర లావు పోసిండు.”